చేతిలో చప్పుడు



ఈ ప్రసంగం రికార్డు చెయ్యడానికి కూర్చునే ముందు ఇక్కడి ఇంజనీరు కుర్రాణ్ణి ఒక మాట అడిగాను. "బాబూ, నా ఎడమ చెయ్యి మైకు దగ్గర పెడితే ఏమైనా వినిపిస్తుందా?" అని. అతను నవ్వి, చెయ్యి పెట్టించి, హెడ్‌ఫోన్ తగిలించుకుని విన్నాడు. వినపడలేదట. నాకు మాత్రం రాత్రిళ్లు ఇల్లు సద్దుమణిగాక, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుంటే వినిపిస్తుంది. అలా పెట్టుకోకూడదు, అయినా ఒక్కోసారి పెట్టుకుంటాను. ఎక్కడో రెండు వీధుల అవతల పిండిమర ఆడుతున్నట్టు ఝుమ్మని చప్పుడు. వేలు ఆనిస్తే చర్మం కింద పిల్లి గురగురలాడుతున్నట్టు అదురు. దాని పేరు ఫిస్టులా. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు నా రక్తం బయటికి వెళ్లి శుభ్రపడి మళ్లీ లోపలికి వచ్చే గుమ్మం అది. ఆ గుమ్మం కట్టుకోవడంలో నేను చేసిన ఆలస్యం గురించే ఇవాళ్టి నా మాటలు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లు. ఉద్యానవనం అన్న మాటే నోళ్లలో నలిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఎండాకాలంలో కూడా నీడ తెగని దారులు. అక్కడే ఒక ఉన్నత పాఠశాలలో 31 ఏళ్లు సైన్సు చెప్పాను. చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాల బొమ్మ నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు గీశానో లెక్కలేదు. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల సన్నటి వడపోత గొట్టాలుంటాయని, రెండూ కలిసి రోజుకు 180 లీటర్లు వడగడతాయని, అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా వదిలి మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయని పిల్లలచేత వల్లె వేయించాను. "మన ఇంట్లో మామ్మ కన్నా పొదుపరిరా ఇది" అంటే పిల్లలు పగలబడి నవ్వేవారు. బొమ్మ గీస్తున్న చేతికి, నా నడుం వెనక ఆ రెండూ ఎండిపోతున్న సంగతి తెలియలేదు.

మా వైపు జబ్బు తీరే అది. చాలామందికి షుగరు ఉండదు. బీపీ ఉండదు. నొప్పి అసలే ఉండదు. పొలం వెళ్తారు, చెట్టెక్కుతారు, పెళ్లిళ్లకు తిరుగుతారు. ఎప్పుడో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ అని ఒక అంకె వస్తుంది. ఒకటికి అటూ ఇటూ ఉండాల్సినది నాలుగో అయిదో ఉంటుంది. నీళ్లా, పురుగుమందులా, ఎండలో చెమటోడుస్తూ గుక్కెడు నీళ్లు లేకుండా పనిచెయ్యడమా, ఒళ్లునొప్పులకు మింగే మాత్రలా, శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వెతుకుతున్నారు, ఇదొక్కటే కారణమని తేలలేదు. ఆ చర్చ ఇవాళ పెట్టుకోను. నాకు అంకె 4.8 అని తేలిన రోజు దగ్గర మొదలుపెడతాను.

డాక్టరు గారు చిన్నవాడు. నా దగ్గర చదివిన పిల్లల వయసు. కాగితం చూసి, "మాష్టారూ, మీకు ఇప్పుడే డయాలసిస్ అవసరం లేదు. కానీ ఫిస్టులా కోసం చెయ్యి ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోండి. ఆ రక్తనాళం బలపడడానికి రెండు నెలలు పడుతుంది" అన్నాడు. నాకు మొదటి వాక్యమే వినిపించింది. డయాలసిస్ అవసరం లేదు! ఇంటికొచ్చి మా ఆవిడతో అదే చెప్పాను. రెండో వాక్యం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయం. మా ఊళ్లో డయాలసిస్ అన్న మాటకున్న పేరు అలాంటిది. అరుగు మీద కూర్చున్నప్పుడు పక్కింటి పెద్దాయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "మాష్టారూ, ఆ మిసను ఎక్కితే మరి దిగడం నేదు. మా బావ ఎక్కినాడు, ఏటైనాది? మూడు వారాలు నేడు." ఆయన అబద్ధం చెప్పలేదు. వాళ్ల బావ నిజంగానే మూడు వారాలే ఉన్నాడు. కాకపోతే ఊపిరాడక, ఒంట్లో నీరు పట్టి, తెలివి తప్పాక తీసుకెళ్లారు. అప్పట్లో మాకు దగ్గరలో డయాలసిస్ కేంద్రాలు లేవు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు విశాఖపట్నం పోవాలి. ఆఖరి ఘడియల్లో వెళ్లినవాళ్లే వెళ్లేవారు, వెళ్లినవాళ్లు పోయేవారు, నింద మిషను మీద పడేది. ఊరు కళ్లతో చూసిందే నమ్ముతుంది. సైన్సు మాష్టారు కూడా అదే నమ్మాడు, అదీ సిగ్గుపడాల్సిన విషయం.

నేను చేసిన పని చెబుతాను. ముందు కొబ్బరి దింపు అయ్యాక చూద్దాం అనుకున్నాను. తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షన్. ఈలోగా ఎవరో ఒక పొడి ఇచ్చారు. నాలుగు నెలల్లో క్రియాటినిన్ దిగిపోతుందన్నారు. పొద్దునా సాయంత్రం తేనెతో నాకాను. ఇచ్చినవాళ్లను తిట్టుకోవడం లేదు, అడిగి పుచ్చుకున్నది నేనే.

మూడో నెలలో అన్నం వాసన మారింది. నోట్లో పాత రాగి చెంబు పెట్టుకున్నట్టు రుచి. ఇష్టమైన చేపల పులుసు గిన్నె మూత తీస్తేనే కడుపులో తిప్పేది. ఒళ్లంతా దురద, మందులకు లొంగని దురద. పగలు కునికిపాట్లు, రాత్రి నిద్ర లేదు. ఎక్కిళ్లు మొదలైతే గంటలు. ఎవరో తలుచుకుంటున్నారులే అనేది మా ఆవిడ. చివరికి పడుకుంటే ఆయాసం. మూడు రాత్రులు మంచం మీద దిండ్లు పేర్చుకుని, గోడకు చేరబడి కూర్చునే తెల్లవార్చాను. నాలుగో రాత్రి 108 వచ్చింది.

ఆసుపత్రిలో చెయ్యి చూశారు. అందులో ఏమీ సిద్ధంగా లేదు. అందుకని మెడలో లైను వేశారు. మెడ పక్క పెద్ద సిరలోకి గొట్టం దించి, బయట రెండు కొసలు వదిలి కుట్టేస్తారు. కుడి చెవి కింద రెండు చిలుక ముక్కుల్లా, ఒకటి ఎర్రటి మూతతో, ఒకటి నీలం మూతతో. దాంతో ప్రాణం నిలబడింది, కాదనను. కానీ అది గుమ్మం కాదు, గోడకు పెట్టిన కన్నం. సూక్ష్మజీవులకు నేరుగా దారి. మూడో వారంలో మిషను మీద ఉండగానే వణుకుతో జ్వరం వచ్చింది. పళ్లు టకటకలాడాయి. నాలుగు దుప్పట్లు కప్పినా ఆగలేదు. లైను తీసేసి, ఇంజక్షన్లు ఇచ్చి, అటు పక్క ఇంకోటి వేశారు. స్నానం చెయ్యడానికి లేదు, తల తిప్పడానికి లేదు. చెయ్యి ఆపరేషన్ చేసి అది పనికొచ్చేదాకా రెండున్నర నెలలు అలాగే గడిపాను. చిన్న డాక్టరు చెప్పిన రోజే చేయించుకుని ఉంటే ఆ రెండున్నర నెలలు నా జీవితంలో ఉండేవి కావు.

అయితే డయాలసిస్సే ముందుగా మొదలుపెట్టేయాలా? అదీ కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 828 మందితో చేసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. మూత్రపిండాల పని కాస్త మిగిలి ఉండగానే కొందరికి మొదలుపెట్టారు. మిగతావాళ్లను దగ్గరుండి గమనిస్తూ, లక్షణాలు వచ్చేదాకానో పని బాగా పడిపోయేదాకానో ఆపారు. ప్రాణాల లెక్కలో రెండు గుంపులకీ తేడా రాలేదు. అందుకే ఇప్పుడు మంచి డాక్టర్లు ఒక్క క్రియాటినిన్ అంకె చూసి మిషను ఎక్కమనరు. ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, నీరు పడుతోందా, పొటాషియం ఎంత, ఇవన్నీ చూస్తారు. మిషనుకు తొందర లేదు. చెయ్యికి తొందర ఉంది. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదని అనలేను. చెప్పారు, నేనే సగం విన్నాను.

మొదటి రోజు సంగతి. నాకు రెండు గంటలే ఇచ్చారు. పక్క మంచాల వాళ్లందరికీ నాలుగు గంటలు. మా ఆవిడ బయటికి వెళ్లి, "మేం ఆరోగ్య పథకం కార్డు మీద వచ్చామని సగమే చేశారా అమ్మా?" అని నర్సును నిలదీసిందట. ఆ పిల్ల ఓపికగా చెప్పింది. నెలల తరబడి పేరుకున్న మలినం ఒక్కసారిగా లాగేస్తే మెదడు తట్టుకోలేదు, తలనొప్పీ వాంతులూ ఫిట్సూ కూడా రావచ్చు, అందుకని కొత్తవాళ్లకు కొంచెం కొంచెంగా పెంచుతామని. కొత్తగా వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే నర్సులతో ఒక గొడవ తప్పుతుంది.

మిషను అంటే ఏదో భూతాన్ని ఊహించుకున్నాను. బీరువాలో సగం ఎత్తు. దాని పక్కన నిలువుగా తగిలించిన ఫిల్టరు, అప్పడాల కర్రంత. అసలు పని దానిది. లోపల వెంట్రుకల కన్నా కాస్త లావు గొట్టాలు పది వేల దాకా ఉంటాయి. గొట్టాల లోపల రక్తం, బయట శుద్ధిచేసిన ఉప్పుల నీరు, ఎదురెదురుగా పారుతుంటాయి. రక్తంలో ఎక్కువైన యూరియా, పొటాషియం ఆ సన్నటి గోడ దాటి నీళ్లలోకి పోతాయి. రక్తకణాలు దాటలేవు. తొమ్మిదో తరగతిలో నేను కోడిగుడ్డు పొరతో చేసి చూపించిన ప్రయోగమే ఇది. నిమిషానికి అర లీటరు నీరు, నాలుగు గంటలకు 120 లీటర్లు. అందుకే ప్రతి కేంద్రం వెనకా నీళ్లు శుద్ధిచేసే పెద్ద ప్లాంటు ఉంటుంది. రక్తమంతా ఒక్కసారే బయటికి లాగేస్తారని చాలామంది హడలిపోతారు. ఏ క్షణంలో చూసినా బయట ఉండేది గ్లాసుడు. గొట్టంలో తిరుగుతున్న నా రక్తాన్ని తాకి చూశాను. వెచ్చగా ఉంది.

దీన్ని కనిపెట్టిన మనిషి కథ నాకిష్టం. విల్లెం కోల్ఫ్ అని డచ్చి డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం, దేశం జర్మన్ల చేతిలో ఉంది, కంపెన్ అనే చిన్న ఊళ్లో ఆసుపత్రి. 1943లో, మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ తొడుగులు తెచ్చి, ఒక పెద్ద డ్రమ్ముకు చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పాడు. ఆ తొడుగుల్లో రోగి రక్తం. మొదట ఎక్కించిన పదిహేను పైచిలుకు మందిలో దాదాపు అందరూ పోయారు. ఆ ఊరి అరుగుల మీద కూడా మా పక్కింటి పెద్దాయన లాంటివాళ్లు ఉండే ఉంటారు, ఎక్కితే దిగడం లేదని. 1945లో 67 ఏళ్ల ఒక ఆవిడ కళ్లు తెరిచింది. అప్పటికీ ఇది కొద్దిరోజుల వైద్యమే. ఎక్కించిన ప్రతిసారీ ఒక రక్తనాళం పాడయ్యేది, ఎన్ని నాళాలని ఉంటాయి? 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి శాశ్వతంగా ఉండే టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. మొదట అమర్చుకున్న మనిషి మరో 11 ఏళ్లు బతికాడు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు గొట్టమే అక్కర్లేకుండా, ధమనినీ సిరనూ కలిపి కుట్టే పద్ధతి ప్రకటించారు. నా చేతిలో పిండిమర అదే.

సియాటిల్‌లో అప్పుడు మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరిని ఎక్కించాలో తేల్చడానికి ఊరి పెద్దలతో ఒక కమిటీ వేశారు. ఎవరికెంతమంది పిల్లలు, ఎవరికేం ఉద్యోగం అని చూసి బతకాల్సినవాళ్లను ఎంచేవారు. అది చదివినప్పుడు మా సెంటరులో నా పక్క మంచం గుర్తొచ్చింది. దాని మీద పడుకునేది జీడిపిక్కలు కొట్టే కూలీ. ఆరోగ్య పథకం కార్డు మీద అతనికీ నాకూ ఒకే మిషను. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. వంశధార నీళ్లు గొట్టాల్లో మా ఊళ్లకు వచ్చాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది. ఇవన్నీ ఉన్నా కూలి మనిషికి వారంలో మూడు రోజుల పని పోతుంది, తోడు వచ్చే మనిషికీ పోతుంది. ఆటో ఊరికే రాదు. ఉచితం అన్న మాటను నేను కొంచెం జాగ్రత్తగానే వాడతాను.

ఇంకోటి చూశాను. మా షిఫ్టులో పదిమంది ఉంటే ఆడవాళ్లు ఇద్దరే. జబ్బు వాళ్లను వదిలేసిందని కాదు. వరండాలో భర్తల చెప్పులు కాపలా కాస్తూ కూర్చునే ఆడవాళ్లలో ఎంతమంది కాళ్లు ఉబ్బి ఉంటాయో, ఎవరు చూశారు? మా ఆవిడకు పరీక్ష చేయించింది నేను మిషను ఎక్కిన ఏడాదికి. అది కూడా నర్సు పిల్ల గదిమితే.

ఇప్పుడు నీళ్ల సంగతి. డయాలసిస్‌లో కష్టమైనది సూది అనుకుంటారు. సూది పెద్దదే, దబ్బనమంత కాకపోయినా దానికి తమ్ముడు, రెండు గుచ్చుతారు. నెల తిరిగేసరికి అలవాటవుతుంది. అలవాటు కానిది దాహం. నిన్న ఎంత మూత్రం వచ్చిందో దానికి అర లీటరు కలిపితే ఎంతో, అదే ఇవాళ్టి నా వాటా. నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. మూత్రం ఆగిపోయినవాళ్లకు ఆ అర లీటరే గతి. తాగిన ప్రతి లీటరూ తక్కెట్లో కిలో అయి కనిపిస్తుంది. లోపలికి వెళ్లగానే బరువు చూస్తారు. నర్సు పిల్ల ముల్లు చూసి నా మొహం చూస్తుంది. హోంవర్కు చెయ్యని పిల్లల మొహాలు నేను చూసినట్టే.

మా ఉద్దానంలో ఈ జబ్బు రావడంలో ఒక వెటకారం ఉంది. పెరట్లో నలభై కొబ్బరిచెట్లు నాకు. ఒక్క బొండాంలో సుమారు అరగ్రాము పొటాషియం. మామూలు మనిషికి అది బలం. కిడ్నీలు పనిచెయ్యనివాడి ఒంట్లో అది పేరుకుంటే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చుట్టపుచూపుకు వచ్చినవాళ్లు, "మాష్టారూ, నీరసంగా ఉన్నారు, లేత బొండాం తాగండి" అంటారు ప్రేమగా. నా చెట్టు, నా బొండాం, వాళ్లే కొట్టి తాగి వెళ్తారు.

ఒక సంక్రాంతికి అదుపు తప్పాను. ఎండుచేపల ఇగురు, ఆవకాయ, మనవళ్లతో రెండు గ్లాసుల పానకం. శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారమే కదా మా షిఫ్టు, ఆ మధ్యలో రెండు రోజుల ఎడం అసలే ప్రమాదం. సోమవారం తక్కెట్లో నాలుగు కిలోలు ఎక్కువ. అంత నీరు నాలుగు గంటల్లో లాగేసరికి మూడో గంటలో పిక్కలు రాళ్లలా బిగుసుకున్నాయి, బీపీ పడిపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. ఆ రోజు అర్థమైంది, నన్ను ముంచింది పానకం కన్నా ఎండుచేప. ఉప్పు తింటే దాహం ఆపడం ఎవరి తరమూ కాదు. నీళ్లతో పోట్లాడే బదులు ఉప్పుతో పోట్లాడడం తేలిక. ఉప్పుకు బదులని డబ్బాల్లో అమ్మేవి కొన్ని పొటాషియంతో చేసినవి. మాలాంటివాళ్లు వాటి జోలికి అసలు పోకూడదు.

మా ఆవిడ కూరలు చిన్నచిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేస్తుంది. దుంపకూరలకు రెండుసార్లు. పొటాషియం కొంత ఆ నీళ్లతో పోతుంది. రుచి కూడా కొంత పోతుంది, కరివేపాకు, వెల్లుల్లి, నిమ్మచుక్కతో ఆవిడ దాన్ని వెనక్కి లాక్కొస్తుంది. పప్పు, గుడ్డు, చేప మాత్రం తినమన్నారు. మిషను ఎక్కక ముందు తగ్గించమన్న మాంసకృత్తులు ఎక్కాక పెంచమన్నారు, మలినాలతో పాటు అవీ కొంత పోతాయి గనక. ఇది తెలియక ఇంకా పథ్యం చేస్తూ చిక్కి శల్యమైనవాళ్లను మా సెంటరులో చూశాను.

మిషను ఒక్కటే దారి కాదని కూడా చెప్పాలి. పొట్టలోని పొరనే ఫిల్టరుగా వాడే పద్ధతి ఉంది. చిన్న గొట్టం అమర్చి, రెండు లీటర్ల ద్రవం పొట్టలోకి వదిలి, కొన్ని గంటలాగి తీసేస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు, ఇంట్లోనే చేసుకోవచ్చు. మా చుట్టుపక్కల దాన్ని వాడేవాళ్లు అరుదు. చేతులు శుభ్రంగా ఉండాలి, గది శుభ్రంగా ఉండాలి. దూరాభారం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగాల్సిన మాట. ఇక కిడ్నీ మార్పిడి. వెల్లూరులో 1971లోనే చేశారు. ఇంట్లో ఎవరైనా ఇవ్వచ్చు, లేకపోతే అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూడాలి. నా తమ్ముడు ఇస్తానన్నాడు. పరీక్షల్లో వాడి క్రియాటినిన్ రెండు దాటి ఉందని తేలింది. వాడికీ అప్పుడే తెలిసింది.

వాడి చేతి ఆపరేషన్ పోయిన నెల అయింది. నేనే తీసుకెళ్లాను. అన్నీ ముందే అయిపోయాయి, పచ్చకామెర్ల టీకాతో సహా. వాడికి ఇంకా ఏడాదో రెండేళ్లో మిషను అవసరం పడకపోవచ్చు, అసలు అంత ముందుగా కడతారా అని డాక్టరే ముందు వెనకాడాడు. అంకె వేగంగా ఎక్కుతోందని చూశాక ఒప్పుకున్నాడు. వాడు రోజూ స్పాంజి బంతి పిసుకుతూ టీవీ చూస్తాడు. ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వడు, ఆ చేతి రక్తం తియ్యనివ్వడు, బిందె ఎత్తడు. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, చప్పుడు వస్తున్నాదిరా" అన్నాడు. ఇన్నేళ్లకు నన్ను రా అన్నాడు. ఏమీ అనలేదు నేను.

రేపు బుధవారం, పొద్దున్న 6 గంటలకు నా షిఫ్టు. స్టూడియోవాళ్లు మర్యాదగా పెద్ద కప్పుతో టీ తెచ్చి ఇక్కడ పెట్టారు. లెక్క చూసుకున్నాను, నా వాటాలో ఇంకా 60 మిల్లీలీటర్లున్నాయి. అంత ఉంచుకుని మిగతాది ఇంజనీరు కుర్రాడి కప్పులో పోసేశాను. ఈ రికార్డింగు ఎర్ర దీపం ఆరిపోగానే ఉంచుకున్నది తాగుతాను.